పిలవని టెంటు

ఎడపల్లిలో టెంటు అనే మాటకు అర్థం చెప్పమంటే, ఎవరింటి ముందర అని ఎదురు ప్రశ్న వేస్తారు. "ఫలానా వాళ్లింటి ముందట టెంటు పడ్డది" అంటే ఆ ఇంట్లో ఎవరో కన్నుమూశారు. "ఏమక్కా, టెంటు ఎప్పుడేస్తున్నవ్?" అని నవ్వుతూ అడిగితే ఆ ఇంట్లో పెళ్లి కుదిరింది. "వాళ్లు టెంటు కింద కూసున్నరు" అంటే ఏదో ఆఫీసు ముందు దీక్ష నడుస్తోంది. "టెంటు పీకిండ్రు" అంటే గెలిచో ఓడో ఆ దీక్ష ముగిసింది. ఇది ఇంగ్లీషు మాట అని బడిపిల్లలు చెబితే ముసలమ్మలు నమ్మరు. మన చావులకూ పెళ్లిళ్లకూ వాడే మాట ఇంగ్లీషోళ్లదెట్లయితది అని దబాయిస్తారు. వాళ్లతో వాదించి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు.

ఈ మాటకున్న అర్థాలన్నీ మోసేది మాత్రం ఒక్క మనిషి. పేరు రాజలింగు. బోధన్ రోడ్డు పక్కన రేకుల కొట్టు, దాని ముందు ఒక ట్రాలీ ఆటో, గోడకు ఆనించిన కర్రలు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. అదే ఆయన టెంట్ హౌస్. బోర్డు మీద రంగు వెలిసిపోయి చాలా కాలమైంది. బోర్డు చదివి వచ్చేవాళ్లు ఎవరూ లేరు కనుక ఆయన మళ్లీ రాయించలేదు. కొట్టులో రెండు గదులు. కుడివైపు గదిలో పెళ్లి గుడ్డలు, ఎరుపూ పసుపూ, అంచులకు కుచ్చులు. ఎడమవైపు గదిలో చావు గుడ్డ, తెల్లటి దాని మీద నీలం గీతలు. రెంటినీ కలిపి ఉతకరు, కలిపి మడవరు, ఒకే తాడుతో కట్టరు. చిరుగులు కుట్టేది ఆయన భార్య విమలమ్మ. ఆమె కూడా రెంటికీ రెండు సూదులు పెట్టుకుంది. దీక్షలకు ఒక పచ్చ గుడ్డ వేరుగా ఉంటుంది. "అది సంబురమో ఏడుపో ముందుగాల తెల్వది గద" అంటాడు రాజలింగు.

అసలు ఆయన ఈ పనిలోకి వచ్చిందే ఒక దీక్ష వల్ల. వయసులో ఉన్నప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. బండ్ల మీద వచ్చిన చెరుకును దించేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కూలీలంతా టెంటు కింద కూర్చున్నారు. మాట్లాడటం చేతకాని రాజలింగుకు పొద్దున్నే టెంటు బిగించే పని, గాలి లేస్తే మోకులు పట్టుకునే పని అప్పజెప్పారు. తరువాత కొందరు పట్నం దారి పట్టారు, కొందరు పొలాల్లోకి తిరిగి వచ్చారు. రాజలింగుకు మాత్రం టెంటే మిగిలింది.

ఆయనకు ఒక పద్ధతి ఉంది. పెళ్లికి పిలిస్తేనే పోతాడు. చావుకు పిలవకుండా పోతాడు. ఊళ్లో ఎవరైనా పోయారని తెలిస్తే చాలు, ట్రాలీలో తెల్ల గుడ్డ, కర్రలు, గడ్డపార వేసుకుని ఆ ఇంటి ముందు ఆగుతాడు. ఎవరినీ ఏమీ అడగడు. ఎంత పెద్దది వేయాలి, ఏ దిక్కున వేయాలి, కుర్చీలెన్ని కావాలి, ఏదీ అడగడు. వాకిట్లో మోకులు లాగి కట్టే జాగ ఉండదు కనుక నాలుగు గుంతలు తీసి కర్రలు పాతుతాడు, గుడ్డ కడతాడు, తల వంచుకుని వెళ్లిపోతాడు. పిలవని పేరంటానికి పోవద్దంటారు గానీ ఈ పేరంటానికి పిలిచే తీరిక ఎవరికుంటుంది?

దీని వెనక ఆయన తల్లి చావు ఉంది. ఆమె పోయింది రోహిణి కార్తెలో. ఇంట్లో ఏడ్చేవాళ్లున్నారు గానీ, నీడ గురించి ఆలోచించే మనిషి ఒక్కరూ లేరు. వచ్చిన ఆడవాళ్లు గోడ నీడలో కూర్చున్నారు. ఎండ జరిగినకొద్దీ వాళ్లూ జరిగారు. చివరకు నీడ గోడకు అంటుకుపోతే కొంగులు తల మీద కప్పుకుని తల్లి శవం పక్కనే కూర్చున్నారు. అది ఆయన కళ్లలోంచి ఎప్పుడూ పోలేదు. అందుకే టెంట్ హౌస్ పెట్టిన నాటి నుంచి ఈ ఊళ్లో చచ్చినవాళ్ల కోసం వచ్చినవాళ్లు ఎండలో కూర్చోలేదు. ఆ మాట ఆయన పైకి అనడు గానీ, లోపల ఆయనకున్న గర్వమంతా అదొక్కటే.

ఆ పద్ధతే ఒకనాడు ఆయన కొంప ముంచింది.

పుష్యమాసం చలి. వెనక గల్లీలో ఉండే భూమవ్వకు దమ్ము ఎక్కువై ఊపిరాడకపోతే, కొడుకు భాస్కర్ ఆమెను నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్చాడు. ఎనభై దాటిన మనిషి. ఇక కష్టమేనని చాయ్ హోటల్లో అందరూ తేల్చేశారు. హోటల్లో తేల్చినదానికి డాక్టరు చెప్పినదానికంటే విలువెక్కువ. ఆ పొద్దున నిజామాబాద్ వైపు నుంచి ఒక అంబులెన్సు వచ్చి, కూత లేకుండా మెల్లగా ఆ గల్లీలోకి తిరిగింది. కూత లేని అంబులెన్సు ఏం తెస్తుందో ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. రాజలింగు తువ్వాల తీసి భుజాన వేసుకుని, ఎడమ గది తలుపు తెరిచాడు.

భూమవ్వ వాకిట్లోకి వెళ్లేసరికి ముందర కట్టె కాలుతోంది, పొగ లేస్తోంది. చావింటి ముందు నిప్పు పెట్టే ఆచారం తెలిసిన మనిషికి ఇంకేం కావాలి? తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆడవాళ్ల మాటలు, నీళ్ల చప్పుడు. శవానికి స్నానం చేయిస్తున్నారనుకున్నాడు. ఎప్పటిలాగే ఎవరినీ అడగలేదు. గడ్డపార తీసి గుంతలు తవ్వాడు, కర్రలు పాతాడు, తెల్ల గుడ్డ బిగించాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. రాజలింగు తెల్ల గుడ్డ కట్టాడంటే ఇక ఎవరినీ అడగనక్కర లేదు కనుక, వాళ్లూ అడగలేదు. జేబుల్లోంచి ఫోన్లు తీశారు.

జరిగిందేమిటంటే, భూమవ్వ కోలుకుంది. ఇంటికి తేవడానికి బండి దొరక్క, బోధన్‌కు ఖాళీగా పోతున్న తెలిసినవాడి అంబులెన్సులో భాస్కర్ తల్లిని ఎక్కించాడు. ఆమెను వాకిట్లో దించి, అదే బండిలో మందుల కోసం బోధన్ పోయాడు. కోడలు వర్ష వాకిట్లో కట్టెలు ముట్టించి నీళ్లు కాచి, అత్తకు స్నానం చేయిస్తోంది.

తలుపు తెరుచుకుంది. తలకు తువ్వాల చుట్టుకుని, కోడలి భుజం పట్టుకుని భూమవ్వ గడప దాటింది. ఎదురుగా గడ్డపార పట్టుకుని రాజలింగు. ఆయన చేతిలో గడ్డపార జారి కాలి మీద పడబోయింది. గల్లీలో ఉన్న జనం నోళ్లు తెరిచారు.

భూమవ్వ పైకి చూసింది. నీలం గీతలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఎవరికి బిడ్డా ఇది?" అంది.

రాజలింగు వంగి గడ్డపార ఎత్తుకున్నాడు.

"నాకేనా?"

ఆయన తల వంచుకున్నాడు. భూమవ్వ మెల్లగా నడిచి ఒక కర్రను పట్టుకుని ఊపి చూసింది. "గట్టిగనే పాతినవ్" అంది. కుర్చీ లాక్కుని టెంటు కింద కూర్చుంది. "వర్షా, చాయ్ పెట్టు. రాజలింగుకు గూడ."

చాయ్ రాకముందే మోస్రా నుంచి భూమవ్వ చెల్లెలి బిడ్డ వచ్చింది. ఆటో దిగకముందే శోకం మొదలుపెట్టింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఓ పెద్దమ్మో, నన్నిడిసి ఏడికి పోతివే, నా పెండ్లికి నువ్వు పెట్టిన ఎర్రశీర ఇంక పెట్టెలనే ఉన్నదే" అని రాగం తీస్తూ వచ్చి, కుర్చీ కింద ఉన్న కాళ్ల మీద పడింది. కాళ్లు కదిలాయి.

"ఇంక కట్టలేదానే అది?" అంది భూమవ్వ.

ఆ పిల్ల కెవ్వుమంది. గల్లీకి గల్లీ నవ్వింది. "ఆగినవేందే? ఇంకేమేం అనాలనుకున్నవో అను. సచ్చినంక ఏమని ఏడుస్తరో చెవులార ఇనే నసీబ్ ఎవలికుంటది?" అని భూమవ్వ ఆ పిల్ల తల నిమిరింది. సాయంత్రం దాకా చుట్టాలు వస్తూనే ఉన్నారు. ఏడుస్తూ వచ్చారు, చాయ్ తాగి పోయారు. పండగకు కూడా అంతమంది రాలేదని వర్ష తరువాత చెప్పింది.

భాస్కర్ మాత్రం నవ్వలేదు. మందులతో తిరిగి వచ్చి టెంటు చూసి, తల్లి పోయిందేమోనని గల్లీ మొదట్లోనే కూలబడ్డ మనిషి అతడు. "ఒక్క మాట అడిగితే నోరు పడిపోతుండెనా అన్నా?" అన్నాడు అందరి ముందూ. "బతికున్న మా అవ్వకు టెంటేస్తవా?" రాజలింగుకు తల కొట్టేసినట్టయింది. గుడ్డ విప్పాడు, కర్రలు పీకాడు. గుంతలు పూడ్చడానికి వంగితే భూమవ్వ చేయి అడ్డం పెట్టింది.

"పూడ్వకు. మళ్ల తవ్వుడెందుకు, వట్టిగ కష్టం."

అది ఎత్తిపొడుపే అనుకున్నాడు రాజలింగు. ట్రాలీ ఎక్కాడు.

తెల్లవారేసరికి ఆ కథ బోధన్ దాకా పోయింది. ఊళ్లో చెరుకు రైతు రామ్‌దాస్ తన బిడ్డ కావ్య పెళ్లికి టెంటు రాజలింగుకే చెప్పి పెట్టుకున్నాడు. అతడే ఫోను చేశాడు. "ఏమనుకోకు రాజలింగన్నా. ఇంట్ల ఆడోళ్లు ఒప్పుకుంటలేరు. బతికున్న మనిషికి టెంటేసిన చెయ్యి పందిట్ల పడొద్దంటున్నరు." రాజలింగు మంచిదన్నాడు. మాఘమాసంలో బోధన్ నుంచి వచ్చిన కొత్త టెంటు ఆయన కొట్టు ముందు నుంచే లారీలో పోయింది. ఆ రోజు ఆయన పెళ్లి గుడ్డలన్నీ తీసి దులిపి మళ్లీ మడిచాడు. చేయడానికి వేరే పని లేదు.

"ఇగ పిలిస్తేనే పోత. సావుకైనా సరే" అన్నాడు విమలమ్మతో.

"పెండ్లికి పిలుస్తరు. సావుకెవలు పిలుస్తరయ్యా?" అంది ఆమె.

"పిలువకుంటే పోను."

విమలమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది. మాట మీద నిలబడే మనిషితో పెద్ద చిక్కు ఏమిటంటే, మాట తప్పైనా నిలబడతాడు.

పైగా భూమవ్వ వాకిలి ఆయన్ని పొడుస్తూనే ఉంది. ఆ గల్లీలోంచి పోయినప్పుడల్లా చూపు అటే పోయేది. నాలుగు గుంతలూ అలాగే ఉన్నాయి. ఎవరి కాలూ పడకుండా భూమవ్వ ఒక్కోదాని మీద ఒక్కో బండ కప్పి పెట్టింది. వాకిలంతా అలుకు చల్లి ముగ్గు పెట్టినా బండల జోలికి పోలేదు. తన తప్పును నలుగురూ చూసేలా ఆ ముసలామె వాకిట్లో దాచి పెట్టుకుందని రాజలింగుకు కడుపు మండింది. చుట్టు తిరిగైనా సరే, వేరే గల్లీలోంచి పోవడం మొదలుపెట్టాడు.

ఎండాకాలం ముదిరింది. పసుపు ఉడకబెట్టడాలు అయిపోయి, చెరుకు నరికిన మళ్లు బోసిగా ఉన్నాయి. అప్పుడు రామ్‌దాస్ తండ్రి పోయాడు.

వార్త పొద్దున్నే తెలిసింది. రాజలింగు చేతులు అలవాటు కొద్దీ తెల్ల గుడ్డను ట్రాలీలో పెట్టాయి, కర్రలు పెట్టాయి, గడ్డపార పెట్టాయి. తరువాత ఆయన ట్రాలీ అంచు మీద కూర్చున్నాడు. ఫోను చేతిలో ఉంది. పిలుస్తారు, పిలిస్తే పోతాను అనుకున్నాడు. పిలవకపోతే కొత్త టెంటు తెచ్చిన బోధన్ వాళ్లకే చెప్పుకోనీ అని కూడా అనుకున్నాడు. ఫోను మోగలేదు. ఎందుకు మోగుతుంది? రాజలింగు ఎప్పుడూ తనంతట తానే వస్తాడు గదా అని ఆ ఇంట్లో ఎవరూ ఆ మాటే తలచలేదు.

ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా చేతికర్ర పొడుచుకుంటూ భూమవ్వ వచ్చింది. అంత దూరం నడిచి దమ్ముతో ఎగపోస్తోంది. విమలమ్మ పరుగున మంచినీళ్లు తెచ్చింది. భూమవ్వ తాగకుండానే రాజలింగు వైపు తిరిగింది.

"ఫోను మోగుతదని సూస్తున్నవా?"

"పిలిస్తే పోతనవ్వా. ఒక్కసారి తప్పైంది, సాలు."

"తప్పెవలిది? సావకపోవుడు నా తప్పు. నువ్వెందుకు మొగం దాసుకుంటవ్?"

విమలమ్మకు నవ్వొచ్చింది. రాజలింగుకు రాలేదు. "మా చెయ్యి పనికి రాదన్నోళ్ల ఇంటికి ఎట్ల పోవాలె?" అన్నాడు.

"నీ అలక నీకూ రామ్‌దాసుకూ. మరి ఎండకేం తెలుస్తది? ఆడ ఆడోళ్లు గోడనీడ పట్టుకొని జరుగుతున్నరు." భూమవ్వ నీళ్లు తాగి చెంబు కింద పెట్టింది. "మీ అవ్వ పోయిననాడు నేను గూడ గట్లనే జరిగిన బిడ్డా. ఆఖరికి కొంగు కప్పుకొని మీ అవ్వ తలకాడ కూసున్న. నువ్వు అరుగు మీదికెళ్లి సూస్తుంటివి."

రాజలింగు లేచాడు. ఆమెను ట్రాలీలో ముందు సీటు మీద కూర్చోబెట్టుకుని బండి తీశాడు. రామ్‌దాస్ వాకిట్లో నీడ అప్పటికి గోడ మొదటికి వచ్చేసింది. ఆడవాళ్లు కొంగులు తల మీద కప్పుకుని ఉన్నారు. ఆయన దిగి ఎవరినీ చూడకుండా గుంత తవ్వడం మొదలుపెట్టాడు. కర్ర ఎత్తబోతే రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చూస్తే రామ్‌దాస్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగు కర్రలూ అలాగే ఇద్దరూ కలిసి పాతారు. గుడ్డ బిగిసి నీడ పడగానే ఒక ముసలామె హమ్మయ్య అన్న మాట రాజలింగుకు వినిపించింది. ఎండలో అంతసేపు కూర్చోబెట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తరువాత ఆయన మళ్లీ పిలవకుండానే పోవడం మొదలుపెట్టాడు. కాకపోతే ఒక మార్పు. ఇంటి బయటే బండి ఆపి ఎవరినో ఒకరిని అడగబోతాడు. అడగక తప్పదు, అడగలేడు. "పోయిండ్రా?" అన్న మాట ఏ నోటితో అంటారు? గొంతు సవరించుకుని, తువ్వాలతో మొహం తుడుచుకుని నిలబడతాడు. ఆయన నిలబడటం చూసి వాళ్లే తల ఊపుతారు. భూమవ్వ వాకిట్లో బండలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంత మంచి మాట చెప్పిన మనిషి ఆ గుంతలెందుకు పూడ్చదో ఆయనకు అంతుపట్టలేదు. అడుగుదామని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఆమె ఏం ఎత్తిపొడుస్తుందోనని ఊరుకున్నాడు.

వానాకాలం వచ్చింది. వరినాట్లు పడ్డాయి. ముసురు పట్టి వదలని ఒక పొద్దున, మళ్లకు పోతున్న ఒకాయన కొట్టు ముందు ఆగి, భూమవ్వ రాత్రి నిద్రలోనే పోయిందట అని చెప్పాడు.

రాజలింగు చాలాసేపు ఎడమ గది తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఈ మాట నమ్మాలా వద్దా? నిజమైతే ఆమెకు తను చేయగలిగింది ఇదొక్కటే. నిజం కాకపోతే ఈసారి ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. నిజం కాకపోతేనే బాగుండునని, తల ఎత్తుకోకపోయినా పరవాలేదని కూడా అనిపించింది. విమలమ్మ తెల్ల గుడ్డ తెచ్చి ట్రాలీలో పెట్టింది. వానకు పైన కప్పే తాడిపత్రి కూడా పెట్టింది.

వాకిట్లో ఈసారి మంట లేదు. ముసురుకు కట్టె అంటుకోక పొగ మాత్రం వస్తోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తక్కినవన్నీ ఆనాటిలాగే ఉన్నాయి. రాజలింగు వానలో నిలబడ్డాడు. గడ్డపార చేతిలో ఉంది. గొంతు సవరించుకుందామంటే అదీ రాలేదు.

తలుపు తెరుచుకుని భాస్కర్ బయటికి వచ్చాడు. ఆయన్ని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అతని వెనక వర్ష వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. ఆమె వానలోకి దిగి, వంగి, మొదటి బండ ఎత్తి పక్కన పెట్టింది. రెండోది ఎత్తింది. మూడోది బరువుగా ఉంటే భాస్కర్ వచ్చి పట్టాడు. నాలుగో బండ తీసేదాకా రాజలింగు కదలలేదు.

గుంతలు శుభ్రంగా ఉన్నాయి. ఆనాడు ఎంత లోతు తవ్వాడో అంత లోతూ ఉన్నాయి.

"మొన్నటి వానకు బురద నిండితే నాతోని తీయించింది" అంది వర్ష. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇదేం పిచ్చి అత్తమ్మా, పూడుద్దమంటే ఇనకపోతుండె. రాజలింగు పిలువకున్న వస్తడు, ఆ దినం వాని చేతులు వణుకుతయి, గడ్డపార పట్టలేడు, జర తయారుగ ఉండనియ్యుండ్రి అని చెప్పేది."

రాజలింగు గడ్డపారను ట్రాలీలో పెట్టేశాడు. నిజంగానే చేతులు వణుకుతున్నాయి. కర్ర తెచ్చి మొదటి గుంతలో దించాడు. అది నిటారుగా కూర్చుంది. ఇన్నేళ్లుగా ఏ చావింటి ముందూ కన్నీరు పెట్టని మనిషి, ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని, "అవ్వా" అని గట్టిగా ఏడ్చాడు.